హాల్లో ఆరడుగుల చెరువు

అమ్మ పోయాక నాన్నని ఊళ్లో ఒంటరిగా ఉంచలేక హైదరాబాద్ తీసుకొచ్చాం. మాది కైకలూరు దగ్గర పల్లె. నాన్న ముప్పై ఏళ్లు చేపల చెరువులు చేశారు. శీలావతి, బొచ్చె, మోసు, వాటి మేత, వాటి రేటు, ఇదే ఆయన లోకం. చెరువులు లీజుకిచ్చి మా నిజాంపేట ఫ్లాట్‌కి వచ్చాక తెల్లవారుజామున నాలుగింటికే లేచి, బాల్కనీలో కుర్చీ వేసుకుని, ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్ గోడని చూస్తూ కూర్చునేవారు. ఇంత పొద్దున్నే ఎందుకు లేవడం అని అడిగితే, "ఆ టైముకే కదమ్మా చేపలు గాలి కోసం పైకొచ్చేది" అన్నారు. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి నీళ్లలోని నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా చేపలతో పాటు అదీ పీల్చుకుంటుంది. అందుకే సూర్యుడు రాకముందు చెరువులో గాలి బాగా తగ్గిపోతుంది. ఆ గంటలో రైతు గట్టు మీద ఉండి తీరాలి. చెరువు పోయినా ఆ మెలకువ మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఇంట్లో పెద్ద అక్వేరియం పెట్టాలన్న ఆలోచన నాకు ఆ మాట విన్నాకే వచ్చింది. రెడీమేడ్‌గా దొరికే రెండడుగుల తొట్టి కాదు, ఆయన ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోగలిగేంత పెద్దది. ఈ పని మొదలైన రోజు నుంచి చేపలు ఇంటికొచ్చే రోజు వరకు ఐదు నెలలు పట్టింది. ఇలాంటిది చేయించుకోవాలనుకునే వాళ్లకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదట వెళ్లిన షాపులో నేను అడిగింది ఎనిమిది అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, మూడు అడుగుల ఎత్తు. అతను వెంటనే రేటు చెప్పి, రెండు వారాల్లో ఇచ్చేస్తాను, అడ్వాన్స్ ఇవ్వండి అన్నాడు. మీది ఎన్నో అంతస్తు అని కూడా అడగలేదు. నేను సంతోషంగా ఇంటికొచ్చి కొలతలు నాన్న ముందు పెట్టాను. ఆయన పెన్ను తీసుకుని లెక్క వేశారు. అరవై ఘనపుటడుగులు, అడుగుకి ఇరవై ఎనిమిది లీటర్ల పైమాట, అంటే దాదాపు 1,700 లీటర్లు. లీటరు నీళ్లు కిలో. అద్దాలు, స్టాండు కలిపితే రెండు టన్నులు దాటుతుంది. "మూడో అంతస్తులో రెండు టన్నులు ఎక్కడ పెడతావమ్మా?" అని అడిగారు.

ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. చెరువు గట్టు అడుగున వెడల్పుగా, పైన సన్నగా ఎందుకు కడతాం? లోతుకి వెళ్లేకొద్దీ నీటి తోపుడు పెరుగుతుంది కాబట్టి. కింద బలం లేకపోతే అక్కడే గండి పడుతుంది. అద్దానికి గట్టులాగా కింద వెడల్పు ఉండదు, పైనా కిందా ఒకటే మందం. కాబట్టి ఎత్తు విషయంలో ఆశ పడకూడదు అన్నారు. ఆ రాత్రి కూర్చుని లెక్క చూశాను. ఆరడుగుల పొడవున్న అద్దం వెనక 55 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లుంటే ఆ అద్దం మీద పడే తోపుడు సుమారు 277 కిలోలు. అదే నీళ్లు 85 సెంటీమీటర్లుంటే 660 కిలోలు. ఎత్తు ఒకటిన్నర రెట్లు పెరిగితే తోపుడు రెండింతలు దాటిపోతోంది. తొట్టి వెడల్పు ఎంతున్నా ఈ లెక్క మారదు, ఎత్తే అసలు సంగతి. పైగా మూడడుగుల లోతైతే అడుగు శుభ్రం చేయడానికి నా చెయ్యి కూడా అందదు. నీళ్లకి గాలి అందేది పైభాగం నుంచే కాబట్టి లోతు కంటే వైశాల్యం ఎక్కువుండటమే చేపలకీ మంచిది. అలా ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అని నిర్ణయించుకున్నాం.

అయినా బరువు తక్కువేం కాదు. పై తొట్టిలో 580 లీటర్లు, కింద ఫిల్టర్ తొట్టిలో 130 లీటర్లు, అద్దాలు 170 కిలోలు, ఇనుప స్టాండు 80, రాళ్లూ ఇసుకా 120. మొత్తం 1,080 కిలోలు. మా స్విఫ్ట్ కారు బరువు కంటే ఎక్కువ, అదీ పన్నెండు చదరపు అడుగుల జాగాలో. మా బిల్డింగ్ కట్టినప్పుడు డిజైన్ చేసిన స్ట్రక్చరల్ ఇంజినీరు ఎవరో అసోసియేషన్ వాళ్లని అడిగి కనుక్కుని, ఫీజు ఇచ్చి ఇంటికి పిలిపించాం. మొత్తం ఖర్చులో ఇంత విలువైన ఖర్చు ఇంకోటి లేదని నేను గట్టిగా చెబుతాను.

ఆయన డ్రాయింగులు తెచ్చి హాలంతా కొలిచారు. మన దగ్గర ఇళ్ల స్లాబులకి ఐఎస్ 875 అనే భారత ప్రమాణం ప్రకారం గదిలో చదరపు మీటరుకి దాదాపు 200 కిలోల బరువు లెక్కలోకి తీసుకుంటారట. మాది చదరపు మీటరుకి 970 దాకా వస్తోంది. వినగానే నాకు టెన్షన్ మొదలైంది. అప్పుడాయన ఓపికగా వివరించారు. ఆ 200 అనేది గది మొత్తం మీద పరిచినట్టు వేసుకునే లెక్క, ఒక్కచోట అంతకంటే ఎక్కువ పడితే వెంటనే కూలిపోతుందని కాదు. కానీ ఆ ఒక్కచోటు ఎక్కడ అన్నదే ముఖ్యం. నేను పెట్టాలనుకున్నది హాలు మధ్యలో, డైనింగ్‌కి అడ్డుగోడలాగా. అది స్లాబు నడుమ, వంపు ఎక్కువగా వచ్చే చోటు. అక్కడ వద్దే వద్దన్నారు. పడమటి గోడ కింద బీము వెళ్తోంది, రెండు వైపులా పిల్లర్లున్నాయి. పొడవు ఆ బీము వెంబడే ఉండేలా, గోడకి దగ్గరగా పెట్టమన్నారు. ఆ పక్కనే బీరువా, పుస్తకాల అల్మరా లాంటి ఇంకో బరువు పెట్టొద్దన్నారు. ఇదంతా కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. ఆ కాగితం కాపీ అసోసియేషన్‌కీ, మా కింద ఫ్లాట్ వాళ్లకీ ఇచ్చాను. నీళ్లు కారితే రిపేరు ఖర్చు మాదేనని ముందే చెప్పాను. అత్తయ్య ఈశాన్యంలో పెడితే మంచిదన్నారు గానీ, బీము సంగతి విన్నాక ఆవిడే పడమటి గోడకి పసుపు కుంకుమ పెట్టారు.

ఇక కట్టేవాళ్లని వెతకడం. నలుగురితో మాట్లాడాను. ఒకరు 8 ఎంఎం అద్దం చాలన్నారు. ఒకరు టఫెన్డ్ గ్లాస్ వేస్తాం, సుత్తితో కొట్టినా పగలదన్నారు. ఆ మాట నన్నూ ఆకట్టుకుంది. తర్వాత తెలిసింది, టఫెన్డ్ అద్దం మధ్యలో బలంగానే ఉంటుంది గానీ అంచుకి దెబ్బ తగిలితే ఒక్కసారిగా మొత్తం ముక్కలైపోతుంది. మామూలు ఫ్లోట్ అద్దం చాలాసార్లు చీలుతుంది, కారుతుంది, మనకి కాస్త టైమిస్తుంది. పైగా టఫెన్ చేశాక దానికి రంధ్రం పెట్టలేం, కోయలేం. పాతబస్తీ నుంచి వచ్చిన భాయ్ మాత్రం రేటు చెప్పకముందే ఇల్లు చూస్తానన్నాడు. లిఫ్టు కొలిచాడు, మెట్ల మలుపు కొలిచాడు. "కట్టిన తొట్టి ఈ మలుపు తిరగదు మేడమ్. అద్దాలు తెచ్చి ఇక్కడే కడతా" అన్నాడు. నాన్న ఆయన్ని ఒకే ఒక ప్రశ్న అడిగారు, ఇప్పటిదాకా నువ్వు కట్టినవాటిలో ఎన్ని కారాయి అని. భాయ్ రెండు అని చెప్పి, ఎందుకు కారాయో కూడా చెప్పాడు. నాన్న నా వైపు తిరిగి పని ఇతనికే ఇవ్వమన్నారు.

అన్ని వైపులా 12 ఎంఎం ఫ్లోట్ గ్లాస్. ముందు అద్దం ఒక్కటి ఎక్స్‌ట్రా క్లియర్ తీసుకున్నాం. మామూలు అద్దంలో ఇనుము అంశ ఉండటం వల్ల మందం పెరిగేకొద్దీ ఆకుపచ్చ ఛాయ తెలుస్తుంది, చేపల అసలు రంగు మారిపోతుంది. ముందు అద్దానికి అదనంగా పెట్టిన డబ్బుకి నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. వెనకా పక్కలా మామూలుదే చాలు. పైన నాలుగు వైపులా అంచుల వెంబడి మూడంగుళాల అద్దం పట్టీలు, మధ్యలో ఒక అడ్డపట్టీ. నీళ్లు నిండాక ముందు అద్దం మధ్యలో బయటికి ఉబ్బకుండా ఇవే పట్టి ఉంచుతాయి.

స్టాండు రెండంగుళాల స్క్వేర్ ట్యూబ్‌తో వెల్డింగ్ చేయించి, ప్రైమర్ కొట్టి, పైన 18 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ వేశారు. ఇక్కడ చాలామంది తేలిగ్గా తీసుకునే విషయం ఒకటుంది. ఏ ఇంట్లోనూ నేల సమంగా ఉండదు. భాయ్ రసమట్టం పెట్టి చూస్తే ఆరడుగుల్లో ఆరు మిల్లీమీటర్ల వాలు కనిపించింది. అలాగే పెడితే నీళ్ల బరువు ఒక మూలకి ఎక్కువ పడుతుంది, స్టాండు మెలి తిరుగుతుంది, ఆ మెలి అద్దం మీద పడుతుంది. కాళ్ల కింద స్టీలు రేకులు వేసి, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో మళ్లీ సరిచూశాడు. ప్లైవుడ్‌కీ అద్దానికీ మధ్య అరంగుళం థర్మోకోల్ పరిచాడు. ఇసుక రేణువంత ఎత్తుపల్లం ఉన్నా అది సర్దుకుంటుందట.

డిసెంబరు మొదటి వారంలో అద్దాలు వచ్చాయి. ముందు అద్దం ఒక్కటే 33 కిలోలు. ఇద్దరు మనుషులు అద్దానికి అతుక్కునే రబ్బరు పిడులు పట్టుకుని మూడంతస్తులు మెట్ల మీదుగా మోసుకొచ్చారు. హాల్లో రెండు రోజులు ఫ్యాను వేయలేదు, దుమ్ము లేస్తుందని. అంచులన్నీ ముందే పాలిష్ చేయించి తెచ్చాడు. వాటిని స్పిరిట్‌తో తుడిచి, వేలు తగలకుండా, జిడ్డు లేకుండా చూసి, మాస్కింగ్ టేపు అంటించి సిలికాన్ పెట్టాడు. ఇంటి నిండా వెనిగర్ వాసన. బాత్రూముల్లో, కిచెన్ గట్ల దగ్గర వాడే సిలికాన్ ఇక్కడ పనికిరాదు. దానిలో బూజు పట్టకుండా కలిపే మందు చేపలకి విషం. ఇంకో విషయం అప్పుడే గమనించాను. రెండు అద్దాల్ని గట్టిగా నొక్కేయకుండా మధ్యలో టూత్‌పిక్‌లు పెట్టి, ఒకటి రెండు మిల్లీమీటర్ల సందు వదిలాడు. ఆ సందులో ఉండే సిలికానే రబ్బరులాగా సాగుతూ నీళ్ల తోపుడిని తట్టుకుంటుంది. పూర్తిగా పిండేస్తే అక్కడ అతుకు అనేదే మిగలదు.

సిలికాన్ గాలిలో తేమతో గట్టిపడుతుంది. చలికాలం, గాలి పొడిగా ఉంది. వారం అన్నవాడు పది రోజులు ఆగుదామన్నాడు. పదకొండో రోజు నీళ్లు పట్టాం. ఒకేసారి కాదు. మొదటిరోజు మూడోవంతు, మర్నాడు మూడింట రెండు వంతులు, మూడోరోజు నిండా. నాన్న స్టాండు అంచుల కింద చుట్టూ పాత పేపర్లు పరిచారు. నీళ్లు నేల మీద కనిపించకముందే పేపరు చెబుతుంది అన్నారు. నాలుగోరోజు తెల్లవారుజామున ఆయనే నన్ను లేపారు. వెనక ఎడమ మూల పేపరు మీద రూపాయి బిళ్లంత తడి. తుడిచి, కొత్త పేపరు వేసి, గంట తర్వాత చూస్తే మళ్లీ అంతే తడి.

నాకు ఏడుపొచ్చింది. 580 లీటర్లు, కింద ఎవరి ఇల్లో ఉంది. భాయ్‌కి ఫోన్ చేస్తే గంటన్నరలో వచ్చాడు. టార్చి వేసి చూసి, అతుకులో ఒక సన్నటి గాలి బుడగ దారిలాగా సాగి ఉందని చూపించాడు. పైనుంచి కొంచెం సిలికాన్ రాసేస్తే అయిపోదా అని మావారు అడిగారు. ఆరిపోయిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగ్గా పట్టదు, రాసినా నెలకో ఏడాదికో మళ్లీ కారుతుంది, అతుకు మొత్తం కోసి తీసి మళ్లీ వేయాలి అన్నాడు. పైపైన రాసి వెళ్లిపోయే మనిషి కాకపోవడం మా అదృష్టం. నీళ్లన్నీ తోడేసి, వెనక అద్దం, పక్క అద్దం కలిసే అతుకునీ లోపలి అంచుల్నీ బ్లేడుతో గీకి, ఒక రోజంతా శుభ్రం చేసి మళ్లీ వేశాడు. అదనంగా ఒక్క రూపాయి అడగలేదు. మళ్లీ పది రోజులు ఎదురుచూపు. రెండోసారి నిండా పట్టి వారం ఉంచాం. పేపరు పొడిగానే ఉంది. తొట్టి కట్టించుకునే ఎవరికైనా నేను చెప్పేది, నీళ్లు పట్టి కనీసం వారం చూడకుండా ఇసుక, రాళ్లు, చేపలు ఏవీ వేయొద్దు. డబ్బులు కూడా ఆ వారం అయ్యాకే పూర్తిగా ఇస్తానని ముందే మాట్లాడుకోండి.

ఫిల్టర్ కోసం కింద స్టాండులో ఇంకో తొట్టి పెట్టించాం, దాన్ని సంప్ అంటారు. పై తొట్టి మూలలో ఒక అద్దం అడ్డు ఉంటుంది. నీళ్లు దాని మీదుగా, చెరువు అలుగు పారినట్టు పొర్లి, పైపులోంచి కిందికి దిగుతాయి. అక్కడ ముందు స్పాంజీలు, తర్వాత బ్యాక్టీరియా నిలబడటానికి సిరామిక్ ముక్కలు, చివర మోటారు. మోటారు గంటకి 3,000 లీటర్లు మళ్లీ పైకి పంపుతుంది. దీనిలో అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు. మోటారు ఆగగానే అలుగు మీదున్న నీళ్లు కిందికి దిగుతాయి, మోటారు నీళ్లు పైకి పంపే తిరుగు పైపు కూడా సైఫన్‌లాగా నీళ్లని వెనక్కి లాగుతుంది. మా తొట్టిలో మట్టం ఒక్క సెంటీమీటరు తగ్గితే పదిన్నర లీటర్లు. నాలుగు సెంటీమీటర్లు తగ్గితే 42 లీటర్లు. అన్ని నీళ్లు పట్టేంత ఖాళీ సంప్‌లో ఎప్పుడూ ఉండాలి. తిరుగు పైపుకి నీటి మట్టానికి కొంచెం కింద చిన్న రంధ్రం పెడితే, మట్టం అక్కడికి దిగగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. మేం కావాలనే మెయిన్ స్విచ్ ఆపి నాలుగుసార్లు చూశాం. ప్రతిసారీ సంప్ అంచుకి మూడంగుళాల కింద నీళ్లు ఆగాయి. మోటారునీ ఒక చిన్న గాలి పంపునీ ఇన్వర్టర్‌కి కలిపాం. ఊళ్లో కరెంటు పోతే చెరువుకి గాలి అందించే ఏరియేటర్ల కోసం అర్ధరాత్రి జనరేటర్ తిప్పిన రోజులు నాన్నకి గుర్తు, ఆ వైరు సరిగ్గా కలిపారో లేదో ఆయనే దగ్గరుండి చూశారు.

చేపల విషయంలో నా కోరిక వేరే. నియాన్ టెట్రాలు, డిస్కస్, పచ్చటి మొక్కలు. నాన్న ఒప్పుకోలేదు. ముందు నీళ్లు చూపించు, తర్వాత చేప సంగతి అన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లూ మున్సిపల్ నీళ్లూ రెండూ వస్తాయి. ఊరికి వెళ్లినప్పుడు రెండు రకాలూ సీసాల్లో పట్టుకెళ్లి కైకలూరులో రొయ్యల రైతులు వెళ్లే ల్యాబులో ఇచ్చాం. పీహెచ్, కార్బొనేట్లు, బైకార్బొనేట్లు, హార్డ్‌నెస్, అమ్మోనియా అన్నీ వేసి ఒక చీటీ ఇచ్చారు. బోరు నీళ్లు బాగా కఠినం, పీహెచ్ 8 పైనే. డిస్కస్, నియాన్‌లు అమెజాన్ ప్రాంతపు మెత్తటి, ఆమ్లగుణం ఉన్న నీళ్ల చేపలు. వాటి కోసం రోజూ ఆర్వో నీళ్లు తయారు చేయడం, ప్రతి లీటరుకి మూడు లీటర్లు పారబోయడం మాకు నచ్చలేదు. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీళ్లు క్షారగుణం ఉన్నవి, పీహెచ్ 7.8 నుంచి 8.6 దాకా ఉంటుంది. అక్కడి సిక్లిడ్ చేపలు మన బోరు నీళ్లు కలిపినా హాయిగా ఉంటాయి. రాళ్ల మధ్య తిరిగే పసుపు, నీలం రంగుల చేపలు. ఫొటోలు చూపిస్తే నాన్న చాలాసేపు చూశారు. "దీని వాలకం తిలాపియాలాగా ఉందే" అన్నారు. నిజంగానే రెండూ ఒకే కుటుంబం. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

జనవరి మూడో వారంలో నీళ్లు నింపి, ఇసుకా రాళ్లూ పెట్టాం. రాళ్లని ఇసుక మీద కాకుండా అడుగున నేరుగా ఒక ప్లాస్టిక్ జాలీ మీద పేర్చాం. సిక్లిడ్‌లు ఇసుక తవ్వుతాయి, పైన పెట్టిన రాయి జారి అద్దానికి తగిలితే అంతే. ఇక నీళ్లు తయారవ్వాలి. చేప వదిలే అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ని ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపని చంపేవి, మూడోది కొంత ఉన్నా ఫర్వాలేదు. ఆ బ్యాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. మన చెరువులోంచి ఒక బకెట్ మట్టి తెస్తే త్వరగా అవుతుందేమో అన్నాను. చెరువులో చేపల ఒంటికి పట్టే పేను ఉంటుంది, ఇంకేం ఉంటాయో, వద్దన్నారు నాన్న. తెలిసిన వాళ్ల తొట్టిలో ఆరోగ్యంగా నడుస్తున్న ఫిల్టర్ స్పాంజీ ఒకటి తెచ్చి సంప్‌లో వేశాం, చేపలు లేకుండా అమ్మోనియా చుక్కలు వేస్తూ వచ్చాం.

ఆ రోజుల్లోనే నాన్న మారడం చూశాను. ఊరి నుంచి తెచ్చుకున్న చెరువు పుస్తకంలో కొత్త పేజీ తీసి, తేదీ, ఉష్ణోగ్రత, పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్ అని గీతలు గీశారు. రోజూ పొద్దున్నే చుక్కల కిట్‌తో చూసి రాసేవారు. పన్నెండో రోజు నైట్రైట్ కనిపించింది. ఇరవై రెండో రోజుకి కిట్‌లోని రంగు పట్టీ చివరిదాకా వెళ్లింది. నేను కంగారుపడితే, "రానీ, దాన్ని తినేది కూడా వెనకే వస్తుంది" అన్నారు. ముప్పై ఆరో రోజు రెండూ సున్నా. ఇంకో వారం ఆగి, అమ్మోనియా వేసిన మర్నాటికే సున్నా అవుతుందని చూసుకున్నాకే చేపల కోసం వెళ్లాం. ఖాళీ నీళ్లని ఎన్నాళ్లు చూస్తారని ఇంటికొచ్చిన వాళ్లంతా అడిగారు. ఆ ఆరువారాలూ ఓపిక పట్టడం వల్లనే తర్వాత మా తొట్టిలో ఒక్క చేప కూడా కొత్త నీళ్ల వల్ల చావలేదు.

షాపులో ఉన్న చేపలు చెన్నై కొళత్తూరు నుంచి వచ్చినవి. మొదట ఎనిమిది పసుపు పిల్లలు తెచ్చాం, నెల రోజుల్లో మూడు విడతలుగా ఇరవై నాలుగు చేశాం. షాపతను నాచు తింటాయని రెండు సక్కర్ చేపలు ఫ్రీగా ఇవ్వబోయాడు. నాన్న వెంటనే వద్దన్నారు. మా వైపు దాన్ని దెయ్యం చేప అంటారు. ఎవరి తొట్టిలోంచో బయటపడి ఇప్పుడు కొల్లేట్లో, కృష్ణలో వలల నిండా పడుతోంది. ఒళ్లంతా గట్టి పలకలు, ముళ్లు, వలలు చిరిగిపోతాయి, తినడానికీ ఎవరూ కొనరు. తొట్టిలో పెరిగిన చేప మనకి ఎక్కువైతే షాపుకి తిరిగివ్వాలి గానీ చెరువులో, కాలవలో వదలకూడదని ఆయన ఆ షాపులో ఉన్న కుర్రాళ్లకి కూడా చెప్పి వచ్చారు.

ఏప్రిల్, మే నెలలు కష్టంగా గడిచాయి. బయట 41, తొట్టిలో 32 డిగ్రీలు. నీళ్లు వేడెక్కేకొద్దీ దానిలో నిలిచే ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకి కావలసింది పెరుగుతుంది. నీటి మీదికి తగిలేలా రెండు చిన్న ఫ్యాన్లు పెడితే ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గింది. రోజుకి ఎనిమిది గంటలు వేసే లైట్లని ఐదు గంటలే వేశాం, మేత సగం చేశాం. వారానికి పావు వంతు నీళ్లు మారుస్తాం. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ పోవడానికి సోడియం థయోసల్ఫేట్ వేస్తాం. బ్లీచింగ్ కొట్టిన రొయ్యల చెరువుకి వేసే మందే కాబట్టి నాన్నకి ఆ పేరు కొత్త కాదు, ఎంత వేయాలో డబ్బా మీద చూసి ఆయనే కలుపుతారు.

ఖర్చు చాలామంది అడుగుతారు. తొట్టి, సంప్ అద్దాలూ కూలీ 46,000, స్టాండు 18,000, మోటారు, పైపులు, ఫిల్టర్ సామాను 27,000, లైట్లు 14,000, రాళ్లు, ఇసుక, కిట్లు, ఇంజినీరు ఫీజు, చేపలు అన్నీ కలిపి లక్షా ముప్పై ఎనిమిది వేలైంది.

ఆగస్టులో ఒకరోజు నాన్న పిలిచి ఒక పసుపు చేపని చూపించారు. నాలుగు రోజులుగా మేతకి రావడం లేదట. మందు వేయాలేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, గొంతు కింద చూడమన్నారు. దవడ కింద నిండుగా ఉబ్బి ఉంది, ఏదో నములుతున్నట్టు మెల్లగా కదులుతోంది. "గుడ్లు నోట్లో పెట్టుకుంది. తిలాపియా కూడా ఇంతేనమ్మా, పిల్లలయ్యేదాకా ఏమీ తినదు" అన్నారు. దాన్ని కదపొద్దని, వేరే తొట్టిలోకి మార్చొద్దని చెప్పి, వెనక మూలలో చిన్న రాళ్లు ఇంకో పది పేర్చించారు, పిల్లలకి దాక్కునే సందులు ఉండాలని.

మూడు వారాల పైన పట్టింది. బాల్కనీలోని కుర్చీ ఎప్పుడో హాల్లోకి వచ్చేసింది. ఆ తెల్లవారుజామున లైటు వేయకుండా, ఫోన్ టార్చికి గుడ్డ చుట్టి, నన్నూ మా పాపనీ లేపి తీసుకొచ్చారు. రాళ్ల సందులో వడ్లగింజంత పసుపు పిల్లలు. కదిలితే తప్ప కనిపించడం లేదు. పాప వేలు పెట్టి లెక్కపెట్టింది, పదకొండు అంది. నాన్న ఇంకాసేపు చూసి, పెద్ద రాయి కింద ఇంకోటుంది, పన్నెండు అన్నారు. తర్వాత చెరువు పుస్తకం తీసి, ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్న గడిలో తేదీ వేసి, పక్కన సీడు 12 అని రాశారు.